పాఠకుల ప్రశ్న: బీటెక్ చదివి కమ్యూనిటీ కాలేజీలో ఇంటీరియర్ డిజైన్ చేరొచ్చా?

ప్రశ్న: అక్కా, నమస్తే. మాది తెనాలి. హైదరాబాద్‌లో బీటెక్ ఈసీఈ చేసి నాలుగేళ్లు సాఫ్ట్‌వేర్ టెస్టింగ్‌లో పనిచేశాను. మా వారి ఉద్యోగ వీసాకి తోడుగా భార్యకిచ్చే హెచ్4 వీసా మీద వచ్చి ఐదేళ్లుగా కాలిఫోర్నియా ఫ్రీమాంట్‌లో ఉంటున్నాం. ఇద్దరు పిల్లలు, చిన్నవాడు ఈ ఏడాదే కిండర్‌గార్టెన్‌లో చేరాడు. మా వారి ఐ-140 (గ్రీన్‌కార్డు పిటిషన్) ఈమధ్యే అప్రూవ్ అయింది, నా ఈఏడీకి (పని అనుమతి కార్డుకి) అప్లై చేశాం. నాకు మళ్లీ టెస్టింగ్‌లోకి వెళ్లాలని లేదు. ఇల్లు సర్దడం, రంగులు, ఫర్నిచర్ అంటే చిన్నప్పటి నుంచీ ఇష్టం, మా ఇల్లు చూసి అందరూ మెచ్చుకుంటారు. కమ్యూనిటీ కాలేజీలో, అంటే ఇక్కడి రెండేళ్ల ప్రభుత్వ కాలేజీలో, ఇంటీరియర్ డిజైన్ చదవాలని ఉంది. మా వారేమో "దీనికి పెట్టే టైమ్ డేటా కోర్సుకి పెడితే ఉద్యోగం వస్తుంది కదా" అంటున్నారు. ఇక్కడికి వచ్చి ఉన్న అత్తయ్యగారు "కర్టెన్లు ఎంచుకోవడానికి కూడా చదువేనా" అన్నారు. ఫ్రెండ్ ఒకామె మూడు నెలల ఆన్‌లైన్ సర్టిఫికెట్ చాలంటోంది. నాకు బొమ్మలు వేయడం అసలు రాదు, వయసు 34. ఏం చేయమంటారు? – మీ చెల్లెలు, ఫ్రీమాంట్

సమాధానం:

చెల్లెమ్మా, చేరు. మూడు నెలల ఆన్‌లైన్ కోర్సులో కాదు, కమ్యూనిటీ కాలేజీలోనే చేరు. కాకపోతే నువ్వు రాసిన కారణంతో చేరకు. ఇల్లు బాగా సర్దుతావు, అందరూ మెచ్చుకుంటారు, అది సంతోషించాల్సిన విషయమే, కానీ ఈ చదువులో ఆ భాగం చాలా చిన్నది. ఎక్కువ భాగం కొలతలు, డ్రాయింగులు, బిల్డింగ్ కోడ్లు, మెటీరియల్స్, లైటింగ్ లెక్కలు. కుషన్ కవర్ల రంగుల కోసం వచ్చినవాళ్లు మొదటి సెమిస్టర్ మధ్యలోనే నీరసపడిపోతారు, ఒక గదిని కొలిచి కాగితం మీద పెట్టడంలో ఆనందం దొరికినవాళ్లు మాత్రం ఆగకుండా సాగిపోతారు. నేనూ కమ్యూనిటీ కాలేజీలో చదివే ఈ పనిలోకి వచ్చాను, ఇప్పుడు ఎక్కువగా వంటిళ్లు, బాత్రూములు డిజైన్ చేస్తాను, కాబట్టి నాకు తెలిసిన వైపు నుంచే చెప్తాను.

ముందు వీసా టెన్షన్ పక్కన పెట్టు. హెచ్4 మీద చదువుకోవడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. స్టూడెంట్ వీసా ఎఫ్1కి మారక్కర్లేదు, ఈఏడీ వచ్చేదాకా ఆగక్కర్లేదు, ఒక్క కోర్సు తీసుకున్నా ఫుల్‌టైమ్ చదివినా నీ ఇష్టం. ఎఫ్1కి మారితే సెమిస్టర్‌కి కనీసం 12 యూనిట్లు (క్రెడిట్లు) చదవాల్సి వస్తుంది, ఫీజు కూడా బయటివాళ్ల లెక్కలో కట్టాలి, చిన్నపిల్లలతో నీకు ఆ తలనొప్పి వద్దు. ఈఏడీ కావాల్సింది పని చేయడానికి మాత్రమే. కానీ ఆ మాటని గట్టిగా పట్టుకో: కార్డు చేతికి రాకముందు ఫ్రెండ్ వాళ్ల ఇంటికి ఏదో చేసిపెట్టి డబ్బు తీసుకున్నా అది పనే, జెల్ (Zelle) యాప్‌లో పంపినా గిఫ్ట్ కార్డులో ఇచ్చినా పనే. జీతం లేని ఇంటర్న్‌షిప్ కూడా అన్నిసార్లూ "జీతం లేదు కాబట్టి సరే" అని కాదు, కోర్సులో భాగంగా ఇంటర్న్‌షిప్ వచ్చే సమయానికి ఈఏడీ ఇంకా రాకపోతే ఒకసారి ఇమ్మిగ్రేషన్ లాయర్‌ని అడిగి చేరు.

ఫీజు సంగతి మీ వారికి చెప్పు, ఆయన సగం మెత్తబడతారు. కాలిఫోర్నియా కమ్యూనిటీ కాలేజీల్లో రాష్ట్ర నివాసులకి యూనిట్‌కి 46 డాలర్లు, 2012 నుంచి అదే రేటు. మూడు యూనిట్ల కోర్సు 138 డాలర్లు, 60 యూనిట్లు చదివినా 2,760 డాలర్లు. హెల్త్ ఫీ, పార్కింగ్ లాంటివి కొంచెం అదనం. నివాసివి కాదని రాస్తే మాత్రం యూనిట్‌కి మరో 300 డాలర్ల పైనే పడుతుంది. హెచ్4 వాళ్లు కాలిఫోర్నియాలో ఏడాది పైగా ఉండి, ఇక్కడే స్థిరపడే ఉద్దేశం కాగితాల్లో చూపిస్తే నివాసుల ఫీజుకి అర్హులే. నువ్వు ఐదేళ్లుగా ఉన్నావు. అయినా ఆన్‌లైన్ అప్లికేషన్‌లో వీసా అని కొట్టగానే ఒక్కోసారి నాన్ రెసిడెంట్ అని పడిపోతుంది, భయపడి అంత ఫీజు కట్టేయకు. డ్రైవింగ్ లైసెన్స్, స్టేట్ ట్యాక్స్ రిటర్న్, నీ పేరు ఉన్న లీజు, హెచ్4 కాగితాలు పట్టుకుని అడ్మిషన్స్ అండ్ రికార్డ్స్ ఆఫీసుకి వెళ్లు, అక్కడ సరిచేస్తారు. ఫెడరల్ ఫైనాన్షియల్ ఎయిడ్ మాత్రం హెచ్4 వాళ్లకి రాదు, దాని మీద ఆశ పెట్టుకోకు.

ఇక అత్తయ్యగారి మాట. నీకు నొప్పి కలిగిందని ఉత్తరం చదువుతుంటేనే తెలుస్తోంది. పెద్దావిడ ఈ పనిని ఎప్పుడూ దగ్గర నుంచి చూడలేదు, అంతే. ఆవిడ స్నానానికి వెళ్లే బాత్రూమ్‌నే చూడు. ఇక్కడి అపార్ట్‌మెంట్లలో స్నానమంటే టబ్‌లోకి దిగాలి, అంచు అడుగుకి పైనే ఉంటుంది, మోకాళ్ల నొప్పులున్న మనిషి ఒంటికాలి మీద నిలబడి తడి నేల మీద ఆ అంచు దాటాలి. పట్టుకోవడానికి ఏముంది అక్కడ? టవల్ రాడ్. అది తువ్వాలు మోయడానికి పెట్టింది, మనిషిని మోయడానికి కాదు, పట్టుకుంటే గోడలోంచి ఊడి వస్తుంది. పట్టుకునే గ్రాబ్ బార్ నేల నుంచి 33 – 36 అంగుళాల ఎత్తులో ఉండాలి, 250 పౌండ్ల బరువుకి తట్టుకోవాలి, అంటే టైల్ అతికించకముందే ఆ గోడ లోపల చెక్క బ్లాకింగ్ వేయించి ఉండాలి. ఎక్కడ వేయాలో డ్రాయింగ్‌లో గీసి చూపించేది డిజైనరే. మన తల్లిదండ్రులు, అత్తమామలు ఇండియా నుంచి వచ్చి ఆరేసి నెలలు ఈ బాత్రూముల్లోనే స్నానం చేస్తున్నారు, ఎంతమంది జారిపడి ఆ మాట పిల్లలకి కూడా చెప్పకుండా దాచేస్తారో. గడప లేని షవర్, కూర్చునే బెంచీ, చేత్తో పట్టుకునే షవర్, జారని టైల్, రాత్రి కళ్లు జిగేల్మనకుండా వెలిగే లైటు, ఇవన్నీ ఇంటీరియర్ డిజైనే. ఆవిడకి కోపంగా సమాధానం చెప్పొద్దు, మొదటి సెమిస్టర్‌లో కొలతల హోంవర్క్ ఇచ్చినప్పుడు ఆవిడ వాడే బాత్రూమే తీసుకో, టేప్ రెండో చివర ఆవిడని పట్టుకోమను.

బొమ్మలు రావు అన్నావు. బీటెక్ మొదటి సంవత్సరంలో మినీ డ్రాఫ్టర్ భుజాన వేసుకుని ఇంజనీరింగ్ డ్రాయింగ్ క్లాసుకి వెళ్లావు కదా? ప్లాన్, ఎలివేషన్, సెక్షన్, లైన్ వెయిట్, స్కేల్, అవన్నీ అక్కడ నేర్చుకున్నవే. ఇక్కడ కావాల్సింది దాదాపు అదే. అడుగుకి పావు అంగుళం స్కేల్‌లో గోడలు, తలుపులు, కిటికీలు గీయడం బొమ్మ వేయడం కాదు, నేర్చుకుంటే ఎవరికైనా వచ్చే పని. చాలా కాలేజీల్లో మొదట చేత్తో గీయిస్తారు, తర్వాతే ఆటోకాడ్, స్కెచప్, రెవిట్ లాంటి డ్రాయింగ్ సాఫ్ట్‌వేర్లు. చేత్తో గీయడం పాతకాలం పని అనుకుని తప్పించుకోవద్దు, క్లయింట్ ఎదురుగా కూర్చుని "అలమర ఇటు జరిపితే?" అన్నప్పుడు పెన్సిల్‌తో అక్కడికక్కడే గీసి చూపించగలిగితే ఆ మీటింగ్ అక్కడే తేలిపోతుంది. నిన్ను నిజంగా ఇబ్బంది పెట్టేది అంగుళాలు, భిన్నాలు. మీటర్లు, మిల్లీమీటర్లలో పెరిగిన మనకి ఐదు అంగుళాల మూడు బై ఎనిమిదిలోంచి రెండు అంగుళాల పదకొండు బై పదహారు తీసేయడం మొదట్లో చిరాకే. కొన్ని వారాలు టేప్ పట్టుకుని ఇల్లంతా కొలిస్తే పోతుంది.

ఆటోడెస్క్ వాళ్లు విద్యార్థులకి ఆటోకాడ్, రెవిట్ ఉచితంగా ఇస్తారు, ఏడాదికోసారి రెన్యూ చేసుకోవాలి, కాలేజీ ఈమెయిల్ రాగానే తీసుకో. ల్యాప్‌టాప్ కొనేముందు ఒక్క మాట: రెవిట్ విండోస్ మీదే నడుస్తుంది. మ్యాక్ కొని తర్వాత తిప్పలు పడొద్దు.

క్లాసుల గురించి. రంగుల సిద్ధాంతం, ఫర్నిచర్ చరిత్ర నీకు తేలిగ్గా నచ్చుతాయి. నాకైతే టెక్స్‌టైల్స్, మెటీరియల్స్ క్లాసులే అన్నిటికన్నా ఎక్కువ ఉపయోగపడ్డాయి, ఎందుకంటే షాపులో "ఇది చాలా మన్నుతుందండీ" అని చెప్పేవాడికీ, బట్టని మెషిన్ మీద ఎన్ని డబుల్ రబ్స్ రుద్ది పరీక్షించారో లేబుల్ మీద చూసి చెప్పేవాడికీ తేడా అక్కడే తెలిసింది. స్పేస్ ప్లానింగ్ క్లాసు అసలు వెన్నెముక. వంటింట్లో ఒక్కరే వండేటప్పుడు ఎదురెదురు కౌంటర్ల మధ్య దారి 42 అంగుళాలు, ఇద్దరు తిరిగే ఇంట్లో 48 ఉండాలని చెప్తారు, ఆ ఆరు అంగుళాలు లేని వంటింట్లో పండగపూట ఇద్దరు తోడికోడళ్లు వండుతుంటే ఏమవుతుందో నీకు చెప్పక్కర్లేదు. వీల్‌చైర్ తిరగడానికి 60 అంగుళాల వృత్తం, తలుపు తెరిస్తే 32 అంగుళాల ఖాళీ, ఇవి ప్రజలు వచ్చే భవనాలకి చట్టం. కాలిఫోర్నియాలో లైటింగ్‌కి టైటిల్ 24 అనే రాష్ట్ర బిల్డింగ్ నియమాలతో విడిగా ఒక పెద్ద కథ ఉంది. వీటిల్లో ఏదీ కష్టం కాదు, కానీ అన్నీ కలిపి ప్రాజెక్టులో పెట్టాల్సి వచ్చినప్పుడు టైమ్ తినేస్తాయి. మూడు యూనిట్ల స్టూడియో క్లాసు పేరుకే మూడు, క్లాసులోనే వారానికి ఐదారు గంటలు కూర్చోబెట్టే కాలేజీలున్నాయి, ఇంటి దగ్గర పని వేరే. మోడల్ చేయడానికి ఫోమ్ బోర్డు, బ్లేడు, శాంపిల్స్, ప్రింట్లు, వీటి ఖర్చు కూడా ఫీజుకి తోడవుతుంది.

ఇంకొకటి, క్రిటిక్. చేసిన పనిని గోడకి పిన్ చేసి అందరి ముందు నిలబడితే ప్రొఫెసరూ తోటివాళ్లూ ఇది బాగాలేదు, ఇక్కడ తలుపు సోఫాకి తగులుతోంది అని చెప్తారు. నలుగురిలో తప్పు చూపించడమంటే మనకి పరువు పోయినట్టే పెంచారు. మొదటిసారి కళ్లనిండా నీళ్లొస్తాయి చాలామందికి. నీ గురించి కాదు, తలుపు గురించే మాట్లాడుతున్నారని అర్థమయ్యేదాకా ఓపిక పట్టు, ఎందుకంటే రేపు క్లయింట్లు ఇంతకంటే కటువుగా మాట్లాడతారు. వయసు గురించి మాత్రం బెంగ వద్దు, ఈ క్లాసుల్లో నలభైలు దాటినవాళ్లు, పిల్లలు కాలేజీలకి వెళ్లాక వచ్చినవాళ్లు బోలెడంతమంది ఉంటారు.

ఇప్పుడు ఈ ఉత్తరంలో అన్నిటికంటే ముఖ్యమైన సంగతి, కాలేజీల వాళ్లు కూడా వాళ్లంతట వాళ్లు చెప్పకపోవచ్చు. నీ బీటెక్ వృథా కాదు. అమెరికా, కెనడాల్లో ఇంటీరియర్ డిజైనర్లకి ఎన్‌సీఐడీక్యూ అని ఒక పరీక్ష ఉంది, మూడు భాగాలు. అది రాయాలంటే చదువూ కావాలి, పని అనుభవమూ కావాలి. కమ్యూనిటీ కాలేజీ ఇచ్చే రెండేళ్ల అసోసియేట్ డిగ్రీ ఒక్కటే ఉండి అందులో 60 సెమిస్టర్ యూనిట్లు ఇంటీరియర్ డిజైన్‌వే అయితే 5,280 గంటల అనుభవం చూపించాలి, 40 యూనిట్లే అయితే 7,040 గంటలు. కానీ వేరే ఏ సబ్జెక్టులోనైనా బ్యాచిలర్స్ ఉండి, దానికి తోడు 60 యూనిట్ల ఇంటీరియర్ డిజైన్ చదివి సర్టిఫికెట్టో డిగ్రీయో పూర్తిచేస్తే 3,520 గంటలు చాలు. అంటే ఈసీఈ డిగ్రీ నీకు ఒక ఏడాది ఉద్యోగమంత కాలాన్ని మిగులుస్తుంది. ఇండియా డిగ్రీని ఇక్కడి లెక్కలోకి మార్చే ఎవాల్యుయేషన్ చేయించుకోవాలి, అది ఎలాగూ పనికొస్తుంది.

ఇక్కడే చాలామంది పప్పులో కాలేసేది. అసోసియేట్ డిగ్రీ అంటే మొత్తం 60 యూనిట్లు, కానీ అందులో ఇంగ్లిష్, లెక్కలు, హిస్టరీ లాంటివి బోలెడు కలిసి ఉంటాయి, ఇంటీరియర్ డిజైన్ యూనిట్లు విడిగా లెక్కపెడితే 60 రావు. చిన్న సర్టిఫికెట్లలో అయితే ఇంకా తక్కువ. బీటెక్ ఉంది కాబట్టి నీకు ఆ ఇంగ్లిష్, హిస్టరీ క్లాసుల అవసరం పెద్దగా లేదు, ఆ టైమ్‌ని డిజైన్ క్లాసుల మీద పెట్టు, లైటింగ్, కిచెన్ అండ్ బాత్, రెవిట్ లాంటివి అదనంగా తీసుకుని 60కి చేర్చు. పరీక్ష నడిపే సీఐడీక్యూ సంస్థ నియమాలు మారుస్తూ ఉంటుంది కాబట్టి చేరేముందే వాళ్ల సైట్‌లో అర్హతల పేజీ చదివి, నీ కేసు రాసి మెయిల్ పెట్టి, వచ్చిన జవాబు దాచుకో. ఆ మూడు నెలల ఆన్‌లైన్ సర్టిఫికెట్ ఈ లెక్కలో నిన్ను ఎక్కడికీ చేర్చదు. స్కెచప్ ప్రాక్టీసుకి పనికొస్తుందేమో, దానికైతే యూట్యూబ్ చాలు.

ఇంటీరియర్ డిజైన్ కోర్సులకి గుర్తింపు ఇచ్చే సీఐడీఏ సంస్థ అక్రెడిటేషన్ లేని కాలేజీ ఎందుకు అని ఎవరైనా అంటే కంగారు పడకు, అది బ్యాచిలర్స్, ఆ పై డిగ్రీలకే ఇస్తారు, రెండేళ్ల ప్రోగ్రాములకి ఇవ్వరు. నువ్వు మళ్లీ బ్యాచిలర్స్ చేయాల్సిన పని లేదు.

కాలిఫోర్నియాలో పనిచేయడానికి ఆ పరీక్ష తప్పనిసరా అంటే, కాదు. ఇక్కడ ఎవరైనా ఇంటీరియర్ డిజైనర్ అని చెప్పుకోవచ్చు, "సర్టిఫైడ్ ఇంటీరియర్ డిజైనర్" అనే పేరుకి మాత్రమే చట్టం రక్షణ ఇస్తుంది, దానికి రాష్ట్రంలో ఐడీఈఎక్స్ అని వేరే పరీక్ష ఉంది. ఇళ్లు మాత్రమే చేసుకుంటూ ఇక్కడే ఉండిపోతే ఎన్‌సీఐడీక్యూ లేకుండానే జీవితం గడిచిపోతుంది. కానీ ఫ్రీమాంట్ అద్దెలు చూసి రేపు మీరు డాలస్‌కి మారరని ఎవరు చెప్పగలరు, మనవాళ్లు ఎంతమంది వెళ్లడం లేదు. టెక్సాస్‌లో "రిజిస్టర్డ్ ఇంటీరియర్ డిజైనర్" అనిపించుకోవాలంటే ఎన్‌సీఐడీక్యూ కావాలి. ఆఫీసులు, హాస్పిటళ్లు చేసే కంపెనీలు కూడా దాన్నే అడుగుతాయి. వీసా మీద బతికే కుటుంబానికి ఏ రాష్ట్రానికి వెళ్లినా వెంట వచ్చే అర్హత ఉండటం మంచిదని నా గట్టి అభిప్రాయం.

మీ వారి ప్రశ్నకి వద్దాం. ఆయన అడిగింది తప్పు కాదు, దానికి నిజాయితీగా జవాబివ్వు. అమెరికా కార్మిక గణాంకాల సంస్థ బీఎల్ఎస్ లెక్కల్లో 2023 మేలో దేశం మొత్తం మీద ఇంటీరియర్ డిజైనర్ల మధ్యస్థ జీతం ఏడాదికి 62,510 డాలర్లు. సగం మందికి అంతకంటే తక్కువే. కొత్తగా చేరినవాళ్లకి ఇంకా తక్కువ, షోరూముల్లో కొంత జీతం, కొంత కమిషన్. సాఫ్ట్‌వేర్ జీతంతో పోల్చుకుంటే దిగులే. వచ్చే రెండేళ్లలో రెండో జీతంతో ఇల్లు కొనడమే మీ లక్ష్యమైతే ఈ దారి సరైంది కాదు, అలాగని ముందే ఇద్దరూ కూర్చుని మాట్లాడుకోండి, తర్వాత నీ చదువు మీద నింద పడకుండా ఉంటుంది. కానీ డేటా కోర్సు చేస్తే ఉద్యోగం దానంతట అదే వస్తుందన్న మాట కూడా నేను ఒప్పుకోను. ఐదేళ్ల గ్యాప్ తర్వాత, ఇష్టం లేని పనిలో, అదే పని రోజూ చేస్తున్న పిల్లలతో పోటీపడి ఎంతమంది నిలబడగలరు? నువ్వు టెస్టింగ్‌కి వెళ్లనని స్పష్టంగా రాశావు. ఆ మాట ఆయనకి కూడా అంతే స్పష్టంగా చెప్పావా?

మొదటి ఉద్యోగం గురించి నా సలహా, పెద్ద డిజైన్ స్టూడియోల పేర్లు పట్టుకుని కూర్చోకు. కిచెన్ క్యాబినెట్ షోరూములు, టైల్ షోరూములు, కొత్త ఇళ్లు కట్టే బిల్డర్ల డిజైన్ సెంటర్లు, ఇద్దరు ముగ్గురు ఉండే చిన్న ఆఫీసులు, వీటిల్లో ఇంట్లో వస్తువు నిజంగా ఎలా నిలబడుతుందో తెలుస్తుంది. షోరూముల్లో శని, ఆదివారాలు పని ఉంటుంది, పిల్లల సంగతి ముందే ఆలోచించుకో. ఇంకా ముఖ్యం, నీ పై అధికారి ఎవరో చూడు. ఎన్‌సీఐడీక్యూ పాసైనవాళ్లో, ఆర్కిటెక్టో ఉంటే వాళ్ల కింద నువ్వు చేసిన గంటలు పరీక్షకి లెక్కలోకి వస్తాయి. రెండు ఆఫర్లు వచ్చి, ఒకదాంట్లో గంటకి రెండు డాలర్లు ఎక్కువిచ్చినా నేను ఇలాంటి మనిషి ఉన్న చోటికే వెళ్లమంటాను.

తర్వాత సొంతంగా చేయాలనుకుంటే నీకు ఒక బలం ఉంది, మన వంటిల్లు నీకు తెలుసు. ఇక్కడి డిజైనర్లలో ఎంతో తెలివైనవాళ్లకి కూడా రోజూ పోపు పెట్టే ఇల్లంటే ఏమిటో తెలియదు. మైక్రోవేవ్ కింద బిగించి గాలిని మళ్లీ వంటింట్లోకే వదిలే ఫ్యాన్ పెట్టేస్తారు, ఎండుమిర్చి ఘాటు పిల్లల పడగ్గదిదాకా వెళ్తుంది, స్మోక్ అలారం మోగుతుంది, ఇక ఆ ఇంట్లో వేపుళ్లు గరాజ్‌లోకి మారిపోతాయి. బయటికి డక్ట్ ఉన్న హుడ్, స్టవ్ కన్నా కొంచెం వెడల్పుగా, డక్ట్ వీలైనంత తిన్నగా, తక్కువ మలుపులతో. అలాగని ఎంత పెద్దది దొరికితే అంత పెద్దది పెట్టడమూ కుదరదు, చాలా చోట్ల కోడ్ ప్రకారం ఫ్యాన్ బయటికి లాగే గాలి 400 సీఎఫ్ఎం (నిమిషానికి ఘనపుటడుగులు) దాటితే బయటికి పోయిన గాలికి బదులు గాలి లోపలికి వచ్చే ఏర్పాటు చూపించాలి, లేకపోతే గ్యాస్ వాటర్ హీటర్ పొగ ఇంట్లోకే తిరిగి రావచ్చు. గ్రైండర్ బరువు మోసే అర, పాతిక కిలోల బియ్యం బస్తాకి చోటు, కుక్కర్లు నిలువుగా పట్టే డ్రాయర్, దీపం వెలిగించే పూజ అలమర పైన ఎంత ఖాళీ వదలాలి, వాకిట్లో పదిమంది చెప్పులు. ఇవి ఏ పుస్తకంలోనూ ఉండవు. కాలేజీ నీకు ఇచ్చేది ఇవన్నీ కాంట్రాక్టర్‌కి అర్థమయ్యే డ్రాయింగ్‌గా మార్చే పద్ధతి. తూర్పు, ఈశాన్యం అని వాస్తు అడిగేవాళ్లూ వస్తారు, వాళ్లతో వాదించకు, ప్లంబింగ్ ఎక్కడుందో చూపించి, ఖర్చు చెప్పి, వాళ్లనే నిర్ణయించుకోనివ్వు.

సొంతపనిలో ఒక గీత ఉంది, అది దాటొద్దు. కాలిఫోర్నియాలో కాంట్రాక్టర్ లైసెన్స్ లేకుండా కూలీ, సామాను కలిపి 1,000 డాలర్లు గానీ అంతకంటే ఎక్కువ గానీ అయ్యే పని నీ పేరు మీద ఒప్పుకోకూడదు. 2025 జనవరికి ముందు ఆ హద్దు 500 మాత్రమే ఉండేది. డిజైన్‌కి ఫీజు తీసుకో, గోడ పగలగొట్టడం, టైల్ వేయించడం లైసెన్స్ ఉన్నవాళ్లతో క్లయింట్‌నే ఒప్పందం చేసుకోమను. బరువు మోసే గోడ అని అనుమానం వస్తే స్ట్రక్చరల్ ఇంజనీర్ వచ్చేదాకా పెన్సిల్ కింద పెట్టేయ్. స్నేహితులే కదా అని మాట మీద ఒప్పుకోకుండా ప్రతిదానికీ కాగితం రాసుకో, ముఖ్యంగా స్నేహితులైతే. ఇవన్నీ ప్రొఫెషనల్ ప్రాక్టీస్ అనే క్లాసులో చెప్తారు, అది బోర్ అని ఆఖరికి నెట్టేస్తుంటారు, నువ్వు మాత్రం ముందే తీసుకో.

కాలేజీల్లో నీకు అందుబాటులో లివర్‌మోర్‌లో లాస్ పొసిటాస్, సారటోగాలో వెస్ట్ వ్యాలీ, రెడ్‌వుడ్ సిటీలో కన్యాడా ఉన్నాయి, మూడింట్లోనూ ఇంటీరియర్ డిజైన్ క్లాసులు నడిచాయి. ఏ సెమిస్టర్‌లో ఏవి పెడుతున్నారో ఆ ఏడాది కేటలాగ్‌లో చూసుకో, ఎందుకంటే ఈ చిన్న డిపార్ట్‌మెంట్లలో కొన్ని కోర్సులు ఏడాదికోసారే పెడతారు, ఒకటి తప్పితే మళ్లీ ఏడాది ఆగాలి. ఫ్రీమాంట్ నుంచి పొద్దున పూట లివర్‌మోర్ వైపు వెళ్తే రద్దీ అంతా అవతలి వైపు వస్తుంటుంది, నీ దారి సుఖం, తిరిగి రావడం కూడా మధ్యాహ్నం అయితే బాగుంటుంది. రెడ్‌వుడ్ సిటీకి డంబార్టన్ బ్రిడ్జి మీద అందరితో పాటు ఉదయం వెళ్లాలి, టోల్ కూడా. చిన్నవాడి కిండర్‌గార్టెన్ మధ్యాహ్నమే అయిపోయేదైతే ఈ లెక్కే అన్నిటికంటే ముందు వేసుకో. ఒక కాలేజీలో లేని కోర్సు ఇంకో కాలేజీలో చేసి కలుపుకోవచ్చు, అయితే ముందు కౌన్సెలర్‌తో రాతపూర్వకంగా సరే అనిపించుకుని.

మొదటి సెమిస్టర్‌లో రెండే క్లాసులు తీసుకో. ఒకటి ఇంటీరియర్ డిజైన్ పరిచయం, ఇంకొకటి తప్పకుండా డ్రాఫ్టింగ్. రెండోది నీకు నచ్చిందో లేదో చూసుకో, రంగుల క్లాసు నచ్చడం దేన్నీ తేల్చదు. నచ్చకపోతే పోయింది మూడు వందల డాలర్ల లోపు, ఒక సెమిస్టర్. నచ్చితే రెండో సెమిస్టర్‌కి పేరు ఇచ్చేముందు డిపార్ట్‌మెంట్ హెడ్‌ని కలిసి, ఇంటీరియర్ డిజైన్ యూనిట్లే 60 అయ్యేలా కోర్సుల ప్లాన్ రాయించుకో, వాళ్ల విద్యార్థులు ఇప్పుడు ఎక్కడెక్కడ పనిచేస్తున్నారో అడుగు, గత ఏడాది పోర్ట్‌ఫోలియోలు చూపించమని అడుగు. అవి చూపించడానికి తటపటాయించే చోట చేరకు. ఈలోపు ఈఏడీ వస్తే తొందరపడి చదువు ఆపేయకు, వారానికి రెండు రోజులు ఏదైనా షోరూములో చేరి మిగతా రోజులు క్లాసుకి వెళ్లు, చదువు పూర్తికాకముందు చేసిన గంటల్లో కూడా 1,760 దాకా పరీక్షకి లెక్కలోకి వస్తాయి.